నా దురద చర్మానిది కాదు

తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం ఆఫీసులో టైపు చేస్తుంటే అరిచేతులు దురద పెట్టడం మొదలైంది. సాయంత్రానికి అరికాళ్లు కూడా. దద్దుర్లు లేవు, పొక్కులు లేవు. అంతకు చాలా ముందునుంచే నాకు విరేచనంలో రక్తం పడుతుండేది. బస్తీ డాక్టరు మొలలని మందిచ్చేవాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు తోచలేదు. తోచాల్సింది నాకు కాదు కూడా.

స్కిన్ డాక్టరు గజ్జి అన్నాడు. ఆ ఒక్క మాటతో పాతబస్తీ హుస్సేనీ ఆలంలోని మా ఇంట్లో నా తువ్వాలు, నా కంచం వేరయ్యాయి. అత్తమ్మ నా కూతుర్ని తన దగ్గర పడుకోబెట్టుకుంది. ఆ చిన్నపిల్ల గుమ్మంలోనే ఆగి, "అమ్మా, నీ గజ్జి ఎప్పుడు పోతది?" అని అడిగింది. ఆ డాక్టరు మీద కోపం నాకు ఇవాళ్టికీ తగ్గలేదు. ఒక్క రక్తపరీక్ష రాయలేదతను. ఆ తర్వాతి డాక్టరు ఇంకా నయం, టెన్షన్ అన్నాడు. ఒళ్లంతా గోళ్లతో చీరుకుపోయి ఉంటే, మనసు మళ్లించుకోమని పంపేశాడు.

ఇలా రెండు మూడేళ్లు గడిచాక కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని అత్తమ్మ పసరు తాగించింది. కొద్ది రోజులకే చలిజ్వరంతో వణికిపోయాను. మా ఆయన యాదగిరి డ్యూటీలో ఉన్నాడు. పక్కింటి జరీనా ఆపా నన్ను ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. "పసరు బంద్ చెయ్ బేటీ, ఇది లోపలి బీమారి" అంది.

పైత్యరసం లివర్ నుంచి పేగుకు పోయే గొట్టం, బైల్ డక్ట్, మూసుకుపోయిందని స్కానింగ్‌లో తేలింది. అది తెరిచి ఉంచే సన్న గొట్టం, స్టెంట్, వేశాక జ్వరం దిగింది. రక్తం సంగతి చెబితే లివర్ డాక్టరు అది తన డిపార్ట్‌మెంట్ కాదన్నాడు. పేగుల డాక్టరు పెద్దపేగులోకి కెమెరా పంపి కొలనోస్కోపీ చేసి, పేగు పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ అన్నాడు, కామెర్ల గురించి మాత్రం లివర్ వాళ్లనే అడగమన్నాడు. ఇద్దరి గదులూ ఒకే వరండాలో ఉన్నాయి. ఒకరోజు యాదగిరి లివర్ డాక్టరు గది తలుపు దగ్గర నిలబడి, "సార్, మనిషి ఒక్కతే ఉన్నది. మీరిద్దరు ఒక్కసారి మాట్లాడుకుంటే ఏం పోతది?" అన్నాడు. గొంతు పెంచలేదు, అక్కడినుంచి కదలనూ లేదు.

చివరికి ఒక డాక్టరమ్మ అన్నీ కలిపి చూసింది. బైల్ డక్టులన్నీ కనబడే ఎమ్మార్సీపీ స్కాన్ తీయించి, ప్రైమరీ స్క్లెరోజింగ్ కొలాంజైటిస్ అని పేరు చెప్పింది. పేగు జబ్బుకు తోడుగా వచ్చి, బైల్ డక్టులను ఇరుకు చేసే లివర్ జబ్బట.

"బైల్ యాసిడ్స్ కొవ్వు అరిగించుడే కాదమ్మా, ఇమ్యూనిటీకి కబురు కూడా మోస్తయి. పేగులో బాక్టీరియా వాటిని మారుస్తది, అవే తిరిగి లివర్‌కు పోతయి. ఎప్పుడు కొట్లాడాలె, ఎప్పుడు ఊకోవాలె అన్న ఆ కబురు మీకు తప్పుతున్నదేమో. ఎట్ల తప్పుతదో మాక్కూడా పూర్తిగా తెల్వదు."

తెలియదని చెప్పిన మొదటి డాక్టరు ఆమే. నేను నమ్మింది కూడా ఆమెనే.

బైల్ యాసిడ్స్‌ను పేగులోనే పట్టి ఉంచే పొడి ఇచ్చింది. డక్ట్ మూసుకుపోయి అవి రక్తంలోకి ఎక్కడం వల్లే దురదట. నీళ్లల్లో కలుపుకుని తాగితే దురద సగానికి సగం తగ్గింది. ఇన్నేళ్ల నరకానికి ఒక పొడి! ఆ రోజు నేను ఏడ్చింది సంతోషంతో కాదు, కోపంతో ఒళ్లు మండి. తర్వాత డక్ట్ రెండోసారి మూసుకుపోయింది, మళ్లీ స్టెంట్. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను. ఈ జబ్బు పూర్తిగా పోదు. ముదిరితే లివర్ ట్రాన్స్‌ప్లాంటే అన్నారు.

ఈ రెండు జబ్బులూ ఉన్నవాళ్లకు ఒక్క మాట. మోషన్స్ బాగున్నా సరే, ఏటేటా కొలనోస్కోపీ చేయించుకోండి. మనకు పేగు క్యాన్సర్ భయం ఎక్కువ. బాగానే ఉన్నారు కదా, ఈసారికి వద్దులే అని పోయినేడాది కొత్త డాక్టరు అన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. చేయక తప్పలేదతనికి. క్యాన్సర్‌గా మారబోతున్న చిన్న కండ, పాలిప్, దొరికింది, తీసేశారు.