గుణదల రైల్లో కిటికీ సీటు

సెలవులు కదా, పిల్లలతో గుణదల చర్చిలో మాత దర్శనానికని పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కాం. మేము రుమాలు వేసి ఉంచిన కిటికీ సీట్లో ఒకాయన తన కూతుర్ని కూర్చోబెట్టాడు. మాలాగే ఆయన మెడలోనూ జపమాల ఉంది. మా ఆయన ఆ పాపను లేపబోయాడు.

"నా బిడ్డ మీద చెయ్యేస్తవా?" అంటూ ఆయన స్టీలు క్యారియర్‌తో కొట్టాడు. మా ఆయన కనుబొమ చిట్లి చొక్కా అంతా రక్తమయింది. విడదీయబోయిన నేను కోపం ఆపుకోలేక ఆ మనిషి ముఖం రక్కేశాను. పిల్లలందరూ గొల్లుమన్నారు. రైలు కదలకముందే దిగి ఆసుపత్రికి పరుగెత్తాం. నాలుగు కుట్లు పడ్డాయి.

సాయంత్రం మా తొమ్మిదేళ్ల పాప అడిగింది.

"మమ్మీ, మనం కొట్లాడింది మాతకు ఎరుకైతదా?"

"అయితది బిడ్డా."

"మరి మళ్ల ఏ మొఖంతోని పోతం?"

పిల్లలకు భక్తి నేర్పుదామని బయలుదేరిన దాన్ని నేను. మీరైతే ఏం చెప్పేవారు?