జంపక్క పారేసిన మాత్రల షీట్లు

చర్ల దాటి అడవిలోకి నాలుగు గంటలు నడిస్తే వచ్చే కోయల గూడెంలో జంపక్క పుట్టింది, పెరిగింది, మేనబావ లచ్చయ్యను పెళ్లాడింది. నలభై ఏళ్ల బతుకులో ఆమె భయపడినవి రెండే: వానాకాలపు వాగు, బాట మీది పోలీసు క్యాంపు. 2007 వేసవిలో మూడోది వచ్చి చేరింది. భర్త కళ్లు మూసుకుంటే మళ్లీ తెరుస్తాడో లేదోనన్న భయం.

ఆ మార్చిలో కల్లు గీస్తుండగా, తాటిచెట్టుకూ నడుముకూ కలిపి కట్టుకునే మోకు తెగి లచ్చయ్య తలకిందులుగా పడ్డాడు. ఖమ్మంలో పుర్రె తెరిచి, లోపల గడ్డకట్టిన రక్తం తీశారు. పదకొండో రోజున కళ్లు తెరిచాడు. కానీ మాట పోయింది. కుడిచేతిలో బలం సగమైంది. ఇంటికి పంపేటప్పుడు నర్సు పుష్ప రెండు రకాల మాత్రల షీట్లు ఇచ్చింది. రెండూ తెల్లనివే. జంపక్కకు చదువు రాదని ఒక రకం షీట్ల వెనుక పెన్నుతో సూర్యుణ్ణి, రెండో రకం వెనుక చంద్రుణ్ణి గీసింది.

"అక్కా, పొద్దుగాల సూర్యుడిది ఒకటి, కడుపు మండకుండ. రాత్రికి చంద్రుడిది మూడు గోలీలు. మూర్ఛ రాకుండ ఆపేది గదే. ఒక్కరోజు తప్పినా పానానికే ముప్పు."

చర్లలో బస్సు దిగేదాకా షీట్లు సంచిలో భద్రంగానే ఉన్నాయి. గూడెం బాట పట్టాక క్యాంపు గుర్తొచ్చి ఆమె కాళ్లు ఆగిపోయాయి. అంతకుముందు నెలలో జ్వరం గోలీలు తెస్తున్న పొరుగూరి మనిషిని "లోపలోళ్లకా?" అంటూ, అడవిలోని నక్సలైట్లకేనని అనుమానించి అక్కడ రెండు రోజులు కూర్చోబెట్టారు. రోగికి మందు మోసుకెళ్లడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. ఆ సంగతి జంపక్కకు తెలియదు; తెలియాల్సిన వాళ్లకు అక్కర్లేదు. పొద చాటున కూర్చుని ఒక్కో మాత్రనూ ఒలిచి కొంగున మూటగట్టింది. ఖాళీ షీట్లను ఎండుటాకుల కిందికి తొక్కేసింది. క్యాంపులో సంచి వెతికారు. కొంగు ఎవరూ ముట్టలేదు. తువ్వాలు చుట్టుకున్న లచ్చయ్య తలనూ చూడలేదు.

ఇంటికొచ్చి మాత్రలను చేటలో పోసి చూసింది. అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి. సూర్యుడివేవి, చంద్రుడివేవి? ఎవరినీ అడగలేకపోయింది, అడిగితే తన తప్పు బయటపడుతుంది. కాస్త పెద్దగా కనిపించినవే రాత్రివనుకుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం లచ్చయ్య ఎడమచేత్తో బీడీల తునికాకు కట్ట పేరుస్తున్నాడు. కట్టకు యాభై ఆకులు. మొదట్లో పన్నెండు దగ్గరే ఆగిపోయేవాడు. ఆ రోజు ముప్పై దాటాడు. జంపక్క మురిసిపోతూ లోలోపల లెక్కపెడుతోంది. ముప్పైనాలుగో ఆకు వేళ్లలోంచి జారింది. మెడ పక్కకు తిరిగింది, కళ్లు తేలిపోయాయి, ఒళ్లంతా కొయ్యలా బిగిసి కొట్టుకోసాగింది. నోటి వెంట నురుగు. ఎవరో పరుగున వచ్చి అతడి గుప్పిట్లో ఇనుప తాళం పెట్టారు. జంపక్క కదల్లేదు. చేటలోని తెల్లటి మాత్రల వైపే చూస్తోంది.

లచ్చయ్య తమ్ముడు వీరన్న మంచం మీద మోయించి చర్ల ఆసుపత్రికి చేర్చాడు. సూది వేశాక ఒళ్లు నెమ్మదించింది.

"గోలీలు సరిగ్గ ఏస్తున్నవా అమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"ఏసిన సారూ. ఏది ఏదో తెల్వకుంటనే ఏసిన. షీట్లు పారేసిన."

"ఎందుకు?"

"బాట మీద క్యాంపుంది గద సారూ."

 డాక్టరు కొత్త షీట్లు ఇచ్చాడు. ఇతడు చెట్టు మీంచి పడ్డాడనీ, ఈ మందులు ఏడాది వాడాలనీ కాగితం రాసి ముద్ర వేశాడు. జంపక్క పెన్ను అడిగి తీసుకుని, డాక్టరు చూపిన రాత్రి షీట్ల వెనుక చంద్రుణ్ణి తన చేత్తోనే గీసింది.

మూడు రోజుల తర్వాత ముగ్గురూ ఇంటిదారి పట్టారు.

"వదినె, గోలీలు ఈసారి యాడ దాస్తవ్?" అన్నాడు వీరన్న. "నా చెవులల్ల పెట్టరాదు? నీ మాట ఇనక ఖాళీగనే ఉన్నయి."

"నోరు ముయ్యి. దాచ. చేతులనే పట్టుకొని పోత," అంది. షీట్లు సంచిలోంచి బయటికి తీసింది.

క్యాంపు దగ్గర అడ్డంగా కట్టిన కర్ర ముందు జవాను షీట్లు చూశాడు, లచ్చయ్య తల మీది కుట్ల మచ్చ చూశాడు.

"ఇది తూటా దెబ్బనా?"

"తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు సారూ. కాయితం చూడుండ్రి."

"నువ్వు గాదు, వాణ్ణి చెప్పనియ్యి. ఏందిరా నీ పేరు?"

లచ్చయ్య పెదవులు కదిలాయి.  అడిగితే పేరు చెప్పని మనిషిని అక్కడ ఏమనుకుంటారో ఆమెకు తెలుసు.

"మో... మోకు."

"మోకా? గదేం పేరు?"

చెట్టు మీంచి పడ్డాక అతడి నోట వచ్చిన తొలి మాట అది. జంపక్క చటుక్కున భర్త చొక్కా పైకెత్తింది. ఇరవై ఏళ్లు మోకు ఒరిసి ఒరిసి నడుము చుట్టూ కాయగట్టిన నల్లటి చర్మాన్ని చూపించింది. జవాను అది చూసి కర్ర ఎత్తాడు. డాక్టరు రాసిన కాగితం మాత్రం జేబులో పెట్టుకున్నాడు.

"ఇది ఈడ్నే ఉంటది."

"మరి వచ్చే నెల ఏం చూపియ్యాలె సారూ?"

జవాను వెళ్లమని చెయ్యి ఊపాడు. రసీదు ఇవ్వకుండా ఆ కాగితం తీసుకునే అధికారం ఎక్కడ రాసి ఉందని అడిగే మనిషీ అక్కడ లేడు.

ఆ సాయంత్రం జంపక్క షీట్లు వెనక్కి తిప్పి పట్టుకుంది. లచ్చయ్య తనే చంద్రుడి మీద వేలు పెట్టాడు. మూడు మాత్రలు మింగి కళ్లు మూసుకున్నాడు. ఆమె అతడి ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఆ తర్వాత ఖాళీ అయిన ఒక్క షీటునూ ఆమె పారేయలేదు. గీసిన బొమ్మ కనబడేటట్టు ఒక్కొక్కటే ఇంటి చూరులో దోపింది. వచ్చే నెల ఆ కర్ర ముందు నిలబడ్డప్పుడు, గోలీలన్నీ లచ్చయ్యే మింగాడని చూపడానికి ఆమె దగ్గర మిగిలిన సాక్ష్యం అదొక్కటే.