మోతీ దారి

ఈ రోజు మధ్యాహ్నం మిర్యాలగూడలో మా వడ్ల కొట్టులో జరిగింది ఇది. సాగర్ కాలువ నీళ్లు వచ్చాక తొలి పంట కదా, బస్తాలు గోడల వెంట పట్టలేదు. హమాలీ ఎల్లయ్య కొన్నింటిని నడవలో పేర్చాడు. మా ముసలి కుక్క మోతీ రోజూలాగే లేచి, నీళ్ల తొట్టి వైపు నడుస్తూ నేరుగా పోయి బస్తాకు మూతి కొట్టుకుంది. వెనక్కి తగ్గి, మళ్లీ అక్కడే కొట్టుకుంది. నేను నవ్వాను. ఎల్లయ్య నవ్వలేదు. దాని ముందు గొంతుక్కూర్చుని, కళ్ల ముందు చెయ్యి ఆడించాడు.

"చిన్న సేటూ, దీనికి కండ్లు అగుపడ్తలేవు. ఎన్ని దినాల సంది గిట్ల ఉన్నదో ఏమో!"

మాకెవరికీ తెలియలేదు. ఏళ్లుగా కొట్టులో ఏ వస్తువూ చోటు మారలేదు. పాపం, అలవాటు మీదే తిరుగుతోంది. మొన్న నేను ఊరి నుంచి వస్తే ఎదురు రాలేదని, పొగరెక్కిందని తిట్టాను కూడా.

గద్దె మీద లెక్కలు చూస్తున్న మా బాపు తలెత్తాడు.

"ఎల్లయ్యా, నడవల బస్తాలు తియ్యి."

"తీసి యాడ పెట్టాలె సేటూ? జాగ లేదు."

"నా గద్దె తీసి బస్తాలు గీడ పెట్టు. నేను బయట అరుగు మీద కూసుంట. నాకు కండ్లున్నయ్ గదా."

సాయంత్రం దాకా లారీల దుమ్ములో కూర్చుని, వచ్చిన ప్రతివాడి మీదా విసుక్కున్నాడు. మోతీ మాత్రం ఎప్పటిలాగే తొట్టి దాకా పోయి నీళ్లు తాగొచ్చింది.

మీ ఇంట్లో ముసలి కుక్క ఉంటే ఇవాళే దాని కళ్ల ముందు చెయ్యి ఆడించి చూడండి. మాలాగా బస్తా అడ్డం వచ్చేదాకా ఆగకండి.