కుట్టు విప్పని జేబు

మా బాబాయి దర్జీ. టేపు మెడలో వేసుకుని కొట్లో కూర్చున్నాడంటే ఇక ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండవు. చొక్కా కొలతలివ్వడానికి వచ్చినవాడు తన కాపురం గుట్టంతా విప్పి, ఆయన సలహాలన్నీ విని గానీ గుమ్మం దిగడు. అలాంటి మనిషి ఏటా ఎండలు తగ్గగానే కొట్టు మూసేసి, తను కుట్టుకున్న గుడారం, ఓ గిన్నె, నాలుగు రోజుల తిండి పడవలో వేసుకుని ఒంటరిగా నది ఎగువనున్న సరస్సుకు పోతాడు. అక్కడికి రోడ్డు లేదు. నదిలో తెడ్డు వేసుకుంటూ పోవాలి, రాళ్లు అడ్డొచ్చిన చోట పడవను నెత్తిన పెట్టుకుని నడవాలి. అక్కడ కరెంటు లేదు, ఫోను పలకదు, కాలకృత్యాలకు పొదలే దిక్కు. అక్కడ ఏం చేస్తావని అడిగితే, కూర్చుంటానంటాడు.

ఈ ప్రయాణం పిన్నికి ముల్లులా గుచ్చుకునేది. కొట్లో అంతమందితో కబుర్లాడే మనిషి ప్రశాంతత కోసం పోతున్నాడంటే అది తన పోరు పడలేకేనని మా అమ్మ దగ్గర కళ్లొత్తుకునేది. అక్కడ సవతి ఉందేమో చూసి రమ్మని నేను వేళాకోళమాడితే నవ్వేది గానీ, ఆ దిగులు మాత్రం పోయేది కాదు.

ఈ ఏడు బాబాయికి భుజం పట్టేసింది. ఒక్కడే తెడ్డు వేయడానికి వీల్లేదని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. అయితే తోడు నేనొస్తానంది పిన్ని. బకెట్లో నీళ్లు కాస్త ఊగితేనే వెనక్కి జరిగే మనిషి! బాబాయి అక్కడ పరుపుండదనీ, జెర్రులుంటాయనీ, వానొస్తే తడవాల్సిందేననీ ఏకరువు పెట్టాడు. తను రావడం ఇష్టం లేకే ఇదంతా అనుకుంది పిన్ని. పంతం పట్టి మరీ బయల్దేరింది.

దారి పొడుగునా ఆవిడ పెదవి విప్పలేదు. మౌనం కోసం పోయే మనిషికి తన మాటలు అడ్డం కాకూడదని ఒట్టు పెట్టుకుందట. చేతులు బొబ్బలెక్కినా, పడవ ఊగినా కిక్కురుమనలేదు. సరస్సు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆయన ఒంటిచేత్తో గుడారం పట్టుకుంటే మేకులు ఆవిడే దిగ్గొట్టింది. ఇద్దరూ లోపలికి దూరారు.

అప్పుడు చూసింది పిన్ని. గుడారం ఇద్దరు పడుకునేంత వెడల్పుంది. తల పెట్టుకునే వైపు అటొకటి ఇటొకటి రెండు జేబులున్నాయి. ఒకటి కళ్లజోడూ టార్చిలైటూ మోసి మోసి సాగిపోయింది. ఆ గుడారంలో అతుకు పడని చోటంటూ ఉంటే అది రెండో జేబే. దాని మూతికి తెల్లదారంతో వేసిన కచ్చాకుట్టు అలాగే ఉంది. కొత్త కోటు జేబులకు దర్జీలు అలా వేసి ఉంచుతారు, తొడుక్కునే మనిషి వచ్చాకే ఆ దారం లాగేస్తారు. ఇన్నేళ్లు ఆయన కొట్లో గుండీలు కుట్టిన పిన్నికి అది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"ఇదెవరిదండీ?" అంది, పొద్దుట్నుంచీ మొదటిసారి నోరు తెరిచి.

"నీదే. పెళ్లైన ఏడే కుట్టాను. నీళ్లంటే భయమన్నావు కదా, ఊరుకున్నాను."

"ఒక్కసారి అడగొచ్చుగా?"

"అడిగితే రానంటావేమోనని," అన్నాడు బాబాయి, గుడారం బట్ట వైపు చూస్తూ. "అడక్కపోతే, ఎప్పటికైనా వస్తావన్న ఆశన్నా ఉంటుందిగా."

ఊళ్లోవాళ్ల కాపురాలన్నీ చక్కదిద్దే పెద్దమనిషి, సొంత భార్యను ఒక్క మాట అడగలేక ఇన్నేళ్లూ ఆ జేబును అలాగే ఉంచాడు! తిరిగొచ్చాక పిన్ని ఇదంతా చెబుతుంటే నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

బాబాయి సంచిలో కత్తెర కోసం వెతికాడు. దర్జీ అయ్యుండీ కత్తెర తేవడం మరిచాడు. పిన్ని ఆ దారాన్ని పళ్లతో కొరికి లాగేసి, జడలోని పిన్నులు తీసి జేబులో వేసుకుంది. ఆ తర్వాత మొదలుపెట్టింది. బొబ్బలు, జెర్రులు, ఊగిన పడవ, పొద్దుట్నుంచీ మింగుకున్న మాటలన్నీ వాన వెలిసేదాకా చెబుతూనే ఉందట. బాబాయి ఒక్క మాటకూ అడ్డం రాకుండా వింటూ కూర్చున్నాడట.