ఫిట్టరు గారి ‘మనం’

మా ఎదురింటి ఫిట్టరు గారు పోయారు. గత నెల ఒక బుధవారం ఉదయం, నేను పేపరు తెరిచే వేళకు, వారి ఇల్లాలు వీధి దాటి వచ్చి మా గేటు పట్టుకుని నిలబడ్డారు. “అన్నయ్యగారూ, మీ స్నేహితుడు ఎంత లేపినా లేవట్లేదండీ. ఒక్కసారి మీరు పిలిచి చూడండి” అన్నారు. వెళ్ళి పిలిచాను. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరు వచ్చి చెప్పేదాకా పిలుస్తూనే ఉన్నాను. ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. ‘పరమపదించారు’, ‘కాలధర్మం చెందారు’, ‘కీర్తిశేషులయ్యారు’ – వీటిలో ఏది ఎవరి విషయంలో వాడాలో పిల్లలచేత పదేపదే రాయించినవాణ్ణి. ఆ ఉదయం వారి బంధువులకు ఫోను చేసినప్పుడు నా నోట వచ్చింది ‘పోయారు’ అన్న ఒక్క మాటే.

ఆయన నల్లపాడు దగ్గరి ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేరి, ఆ మిల్లు మూతపడేదాకా అక్కడే పనిచేశారు. పత్తిలోంచి గింజ వేరుచేసే ఆ యంత్రాలు ఆయన తాతగారి కాలంలో ఇంగ్లండు నుంచి ఓడమీద వచ్చినవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఇత్తడి రేకు. రేకుమీద తయారైన ఊరి పేరు. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆయనకు అప్పగించిన మొదటి పని ఆ రేకుమీద పేరుకున్న దూది తుడవడం. ఇంగ్లీషు అక్షరాలు బడిలో సరిగా పట్టుబడలేదు గాని, ఆ ఊరి పేరులోని అక్షరాలు మాత్రం వేలితో తడిమి నేర్చుకున్నానని చెప్పేవారు.

చాలా ఏళ్ళ తర్వాత, టీవీలో విదేశీ ఫుట్‌బాల్ రావడం మొదలైన రోజుల్లో, ఏదో పెద్ద జట్ల ఆట చూస్తుండగా తెర అడుగున ఇతర ఆటల ఫలితాలు కదిలిపోతున్నాయట. అందులో ఆ పేరు కనిపించింది. “ఒసేయ్, ఇది మా మిషను ఊరే!” అని ఆయన వేసిన కేకకు వంటింట్లో తన చేతిలోని గిన్నె జారిపోయిందని వారి ఇల్లాలు ఇప్పటికీ చెబుతారు. ఆ ఊరి మిల్లులు మూతపడి ఎంతో కాలమైంది. మిగిలింది ఒక జట్టు. అది మూడో తరగతి లీగులో, పట్టికలో కింది సగంలో ఉండే జట్టు. ఆ రోజు నుంచి అది ఆయనది.

ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన పలికినట్టు రాస్తే తప్పవుతుంది. సరిగా రాస్తే అది ఆయన ఊరు కాకుండా పోతుంది.

మా వీధి కుర్రవాళ్ళందరూ పెద్ద పెద్ద జట్ల చొక్కాలు తొడుక్కుని తిరుగుతారు. “తాతా, మీ టీము టీవీలో కూడా రాదు గదా, ఎందుకొచ్చిన గొడవ? మా టీములోకి వచ్చెయ్యి” అని వాళ్ళు ఏడిపిస్తే, ఆయన తొణకకుండా, “గెలిచేవాళ్ళకి జనం ఉన్నార్రా. మావాళ్ళకి ఒక్కడు తగ్గినా తెలుస్తుంది” అనేవారు. ఆ జట్టు చొక్కా ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది? మంగళగిరి వెళ్ళి, తెలిసిన నేతగాడిచేత ముదురు నీలానికి తెల్ల అంచు వేయించి కండువా నేయించుకున్నారు. శనివారం శనివారం అది భుజాన పడేది. ఒకసారి ఎన్నికల రోజు శనివారమైంది. పోలింగు బూతు దగ్గర కానిస్టేబులు ఆపి, “పార్టీ కండువాతో లోపలికి రాకూడదు పెద్దాయనా” అన్నాడు. “ఇది ఇక్కడి పార్టీ కాదు బాబూ, అసలు గెలిచే పార్టీయే కాదు” అని ఫిట్టరు గారు ఎంత చెప్పినా వినలేదు. చివరికి దాన్ని మడిచి నా చేతికిచ్చి, ఓటు వేసి వచ్చి, మళ్ళీ భుజాన వేసుకున్నారు.

ఆ జట్టు ఆటలు మనకు ప్రసారం కావు. ఫోనులో వ్యాఖ్యానం మాత్రం వినవచ్చు. శనివారం రాత్రి ఏడున్నరకు – చలికాలంలో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటారు గనుక ఎనిమిదిన్నరకు – ఆయన వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, నడుమ స్టూలుమీద ఫోను పెట్టి, “మాస్టారూ!” అని వీధి అవతలినుంచి పిలిచేవారు. నా పని అనువాదం. తెలుగు పండితుడి ఇంగ్లీషు ఎంతటిదో నాకు తెలుసు. ఆయన దృష్టిలో మాత్రం మాస్టారంటే అన్నీ వచ్చినవాడే. నిజానికి ఆ వ్యాఖ్యాతల యాస నాకు సగమే అందేది. మిగిలిన సగం ఆయనే పూరించేవారు, జనం అరుపును బట్టి. నేనింకా వాక్యానికి కర్త ఎవరో వెతుక్కుంటూ ఉండగానే, “కార్నరండీ... పోయింది, పైనుంచి పోయింది” అనేవారు. ఎలా తెలిసిందని అడిగితే, “మిల్లులో ఎవరు మాటలు వింటారండీ? చప్పుడే వినాలి. బెల్టు తెగితే చప్పుడు పెరగదు మాస్టారూ, పడిపోతుంది” అన్నారు.

మొదటినుంచీ మా ఇద్దరికీ ఒక్క మాట దగ్గర పేచీ. ఆయన ఎప్పుడూ “మనం” అనేవారు. “మనం ఒక గోలు వెనకబడ్డామండీ”, “మన గోల్‌కీపరుకి మోకాలు వాచిందండీ”. ‘మనం’ అంటే వినేవాణ్ణి కూడా కలుపుకున్నట్టు, వదిలేస్తే ‘మేము’. ఇంత చక్కని తేడా మన భాషకు ఉన్నప్పుడు దాన్ని పాటించాలని నా పట్టుదల. చాలాకాలం నవ్వుతూనే దిద్దాను. ఆయన నవ్వుతూనే మరిచిపోయారు.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం, స్టేషను దగ్గరి టీ కొట్టులో నేను నా పాత విద్యార్థులు నలుగురి మధ్య కూర్చుని ఉండగా, ఆయన దూరంనుంచే చేయి ఊపుతూ వచ్చి, “మాస్టారూ, నిన్న మీరు ఊళ్ళో లేరు గాని, మనం మూడు గోళ్ళు కొట్టామండీ!” అన్నారు. విద్యార్థుల్లో ఒకడు, “ఏంటి మాస్టారూ, ఈ వయసులో మీరు కూడా దిగారా? గోలీ మీరేనా?” అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. “ఫిట్టరు గారూ, ముందుగా, గోళ్ళు ఉండేవి వేళ్ళకు, ఆటలో కొట్టేవి గోల్సు. రెండోది, నన్ను ఆ సర్వనామంలోంచి తీసెయ్యండి. మీ జట్టయితే ‘మేము’ అనండి” అన్నాను. ఆయన నిన్నటినుంచి భుజాననే ఉన్న కండువా సర్దుకుని, “తప్పేనండి మాస్టారూ. మేము. మేము గెలిచామండి” అన్నారు.

ఆ తర్వాత ఎన్నడూ తప్పలేదు. కుర్చీలు యథాప్రకారం రెండే పడేవి, పిలుపు యథాప్రకారం వచ్చేది. “మేము డ్రా చేశామండి.” “మా వాడికి ఎర్ర కార్డు ఇచ్చారండి.” వ్యాకరణం నిర్దుష్టం. ముప్పై నాలుగేళ్ళలో నా దిద్దుబాటును అంత శ్రద్ధగా పాటించిన విద్యార్థి మరొకరు లేరు. ఆ రెండేళ్ళూ, నాకు వేసిన కుర్చీలోనే, నేను పరాయివాడిలా కూర్చున్నాను. దిద్దినదాన్ని వెనక్కి తీసుకోవడం నాకు అలవాటు లేదు. మొన్న మార్చిలో జట్టు వరసగా ఓడుతున్నప్పుడు, ఒక శనివారం అడగాలని నిశ్చయించుకునే వీధి దాటాను: ‘మళ్ళీ మనం అనండి’ అని. తీరా కూర్చున్నాక, “రిలిగేషన్ అంటే కింది తరగతికి దింపడం” అని అర్థం చెప్పి వచ్చేశాను. “ఫెయిలైతే అదే క్లాసులో ఉంచరటండీ? మీరైనా ఎవర్నీ కిందికి దింపలేదు కదా” అన్నారాయన.

చివరిసారి మాట్లాడుకున్నప్పుడు ఒక్క ఆట మిగిలి ఉంది, వాళ్ళ మైదానంలోనే. “డ్రా అయినా చాలండి, మేము నిలబడతాం” అన్నారు. నేను “సరే” అన్నాను. ఆ బుధవారమే పోయారు.

శనివారానికి ఇంకా పెద్దకర్మ కాలేదు. ఏడు గంటలకు వారి ఇల్లాలు వరండాలోకి వచ్చి రెండు కుర్చీలూ వేసి, ఫోను తెచ్చి నాకిచ్చారు. “ఇది ఎలా పెట్టాలో నాకు తెలీదండీ. పోయేదాకా ఈ ఆట గురించే కలవరించారు. ఏమైందో ఎవరో ఒకరు వినాలి కదా.” రెండో కుర్చీలో కూర్చోకుండా గడపమీద కూర్చున్నారు. కాసేపటికి తమలో తాము నవ్వుకున్నట్టుగా అన్నారు: “నాతో ఎప్పుడూ మనం మనం అనేవారండీ. మీ గేటు చప్పుడు వినబడగానే ఆగిపోయి, ‘మేము, మేము’ అని రెండుసార్లు వల్లించుకునేవారు. ‘నోరు జారితే మాస్టారు నొచ్చుకుంటారే’ అనేవారు.”

ఫోనులో వ్యాఖ్యానం పెట్టాను. ఆట మొదలైంది.

చెరొక గోలు అయింది. ఆవిడ అడిగినప్పుడల్లా తోచినట్టు చెబుతూ వచ్చాను. చివరి అయిదు నిమిషాల్లో వ్యాఖ్యాత గొంతు హెచ్చింది. మాటలు ఒకదానిమీద ఒకటి పడి నాకు ఒక్కటీ అందలేదు. అప్పుడు చప్పుడు విన్నాను. అంతసేపూ హోరెత్తుతున్న మైదానం, బెల్టు తెగిన మిల్లులా, ఒక్కసారిగా పడిపోయింది.

“ఏమైందండీ?” అన్నారావిడ.

“ఓడిపోయామమ్మా” అన్నాను. “మనం కింది తరగతికి వెళ్ళిపోయాం.”

ఆవిడ నా వైపు చూడలేదు. గోడకు ఆనించిన ఫోటో వైపు, దాని ముందు వెలుగుతున్న దీపం వైపు చూసి, “విన్నారా, మాస్టారేమన్నారో” అన్నారు.

మిల్లు యంత్రాలను తుక్కు కింద తూచి పంపేసిన రోజు ఆయన అడిగి తెచ్చుకున్నది ఒక్క ఇత్తడి రేకు. దాన్ని గేటు స్తంభానికి బిగించుకున్నారు. కొత్తగా వచ్చిన కొరియరు వాళ్ళు అదే ఆ ఇంటి పేరనుకుంటారు. ప్రతి శనివారం చింతపండుతో తోమేవారు. ఆటలు లేని ఈ వేసవిలో, మొన్న శనివారం చూస్తే రేకు నల్లబడి ఉంది. మా ఇంట్లోంచి ఇంత చింతపండు నానబెట్టి తీసుకువెళ్ళాను. గుజ్జు అక్షరాల గాడుల్లోకి దిగి, నీళ్ళు పోసేకొద్దీ, ఆ ఊరి పేరు ఒక్కొక్క అక్షరమే పసుపుపచ్చగా పైకి వచ్చింది. ఆఖరి అక్షరం తేలాక, వీధిలో ఎవరూ లేరని చూసుకుని, పైకే చదివాను, ఆయన పలికినట్టే.