శ్రీశైలమ్మ దిగని బండి

శ్రీశైలమ్మ ముఖం మాడ్చుకుని కూర్చుందంటే గిద్దలూరు బజారులో ఎవరూ నమ్మరు. భర్త నాగేశ్వర్లు శెట్టి కిరాణా దుకాణం వెనకాలే ఇల్లు. దుకాణానికి వచ్చినవాళ్లు సరుకు కొన్నా కొనకపోయినా, లోపల్నుంచి వచ్చే ఆమె నవ్వు మాత్రం విని పోవలసిందే. మనిషి కూడా ఆ నవ్వుకు తగ్గట్టే దిట్టంగా ఉంటుంది. ఎవరైనా ఆ మాట ఎత్తేలోపే తనే ఎత్తేస్తుంది: "మా నాయన శెనక్కాయల వ్యాపారం చేసినాడు, నన్ను చూస్తే తెలీడంలా?" అని. ముందుగా తనే అనేసుకుంటే ఎదుటివాళ్లకు అనడానికి ఏమీ మిగలదని చిన్నప్పుడే కనిపెట్టింది మహాతల్లి.

అలాంటి మనిషి ఆ ఏడు కార్తీకానికి ముందు మూడు రోజులు నవ్వలేదు. కారణం బండి. సరిగ్గా చెప్పాలంటే బండి ఇంజను.

ఆమె పుట్టిల్లు నంద్యాల. నంద్యాలకూ గిద్దలూరికీ నడుమ నల్లమల, అందులో మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు. పెళ్లయిన మర్నాడు అత్తారింటికి వస్తుంటే, మనుషులూ సామానూ కిక్కిరిసిన అద్దె వ్యాను ఆ ఎత్తు దగ్గర ఆయాసపడి ఆగిపోయింది. "కొంచెం బరువు తగ్గించండి" అన్నాడు డ్రైవరు. అందరి కళ్లూ ఒక్కసారే పెళ్లికూతురి మీద పడ్డాయి. కాళ్ల పారాణి ఇంకా చెదరలేదు, ఆమె దిగి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఎత్తు ముగిసేదాకా నడిచింది. నవ్వుతూనే నడిచింది. ఆ నవ్వే కొంప ముంచింది. ఈ పిల్ల ఏమీ అనుకోదులే అనుకున్నారు అందరూ.

అంతే, అది ఆనవాయితీ అయి కూర్చుంది. తర్వాత శెట్టి సొంతానికి ఒక పాత వ్యాను కొన్నాడు. ఏటా కార్తీకంలో ఒక సోమవారం ఇంటిల్లిపాదీ బియ్యం, గుండిగలు, గ్యాసు పొయ్యి వేసుకుని మహానంది పోయి, అక్కడే వండి, వచ్చినవాళ్లకు కడుపు నిండా పెట్టి రావడం ఆ ఇంటి మొక్కు. ఘాట్ రాగానే వ్యాను ఆగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, శ్రీశైలమ్మ దిగుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. గుండిగలు మాత్రం దర్జాగా కూర్చునే వెళ్లేవి. ఇలా ముప్పై రెండేళ్లు!

నిరుడు మాత్రం ఒకటి జరిగింది. కొడుకు పుల్లారావు కూతురు ఉమకు పదేళ్లు. అవ్వ పోలికే, బొద్దుగా ఉంటుంది. ఘాట్ దగ్గర బండి ఆగగానే పుల్లారావు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "ఉమా, నువ్వు గూడా అవ్వతో దిగు తల్లీ, బండి తేలికయితాది" అన్నాడు. చెడ్డవాడు కాదు, మాట వరసకు అన్నాడు. పిల్ల దిగింది. మనిద్దరమే ఎందుకు దిగామని అడిగి ఉంటే శ్రీశైలమ్మ ఏదో ఒక హాస్యమాడి తప్పించుకునేది. పిల్ల అడగలేదు. బండిలోని తమ్ముణ్ణి చూసి నవ్వింది. అచ్చం అవ్వ నవ్వే. అది చూసి శ్రీశైలమ్మ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ నడక నాతోనే ఆగిపోవాలి, పిల్ల దాకా రాకూడదు అనుకుంది.

ఈ ఏడు పాత వ్యాను ఇక లేవనని మొండికేసింది. నాగేశ్వర్లు మార్కాపురం షోరూం నుంచి రంగుల కాగితాలు పట్టుకొచ్చాడు. ఏడుగురు కూర్చునే బండి. అందులో రెండు రకాల ఇంజన్లు: పన్నెండొందల సీసీ ఒకటి, పదిహేనొందల సీసీ ఇంకొకటి.

"చిన్నదే చాలు. షోరూం ఆయన లెక్కగట్టి ఇచ్చినాడు. ఏడుగురు మనుషులు, తలా యాభై కిలోలు, వెరసి మూడొందల యాభై. మైలేజీ గూడా బాగా వస్తాదంట" అన్నాడు.

"ఘాట్ ఎక్కుతాదా?" అంది శ్రీశైలమ్మ.

"ఎందుకెక్కదు? మరీ కష్టమైతే..." అని ఆయన ఆగాడు.

పుల్లారావు ఆగలేదు. "అమ్మ దిగుతాది గదా!" అన్నాడు.

ఇల్లంతా నవ్వింది. ఉమ కూడా నవ్వింది. శ్రీశైలమ్మ లేచి వంటింట్లోకి పోయింది. ఆ రోజు పప్పులో ఉప్పు లేదు, మర్నాడు చారులో కారం తప్ప ఇంకేమీ లేదు. అయినా ఆ ఇంట్లో మగవాళ్లకు ఏమైనా తట్టిందా? తట్టలేదు. నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటారేమో. ముప్పై రెండేళ్లు నవ్విన మనిషి, ఇవాళ అది నవ్వు కాదని ఏ మొహంతో చెబుతుంది?

రెండో రోజు కాలేషాను పిలిచింది. పాత వ్యానును ఇరవై ఏళ్లు నడిపిందీ, విప్పి బిగించిందీ కాలేషానే. "తమ్ముడూ, నిజం చెప్పు. మనకు ఏ ఇంజను కావాల?"

"అక్కా, ఇంజనంటే పొయ్యి అనుకో. చిన్న పొయ్యి మీద పెద్ద గుండిగ పెడితే ఉడకదని కాదు, ఉడుకుతాది. కాకపోతే పొద్దస్తమానం మంట ఫుల్లుగా పెట్టాల. గ్యాసూ ఎక్కువ ఖర్చు, పొయ్యీ పాడు. ఊళ్లో తిరిగేటందుకైతే చిన్నది చాలు. నిండా మనుషులతో, సామాన్లతో ఘాట్ ఎక్కాలంటే పెద్దదే. కానీ అన్న నా మాట ఇంటాడా? కాగితం మీద అంకె చూపించాల ఆయనకు."

అంకె ఎక్కడ దొరుకుతుందో మూడో రోజు పొద్దున తెలిసింది. అర్ధవీడు నుంచి ఒక రైతు కందులు తెచ్చాడు. "బస్తాకు యాభై కిలోలు శెట్టీ, నా చేత్తో నింపినా" అన్నాడు.

నాగేశ్వర్లు గల్లా పెట్టె ముందు నుంచి కదలకుండానే చెయ్యి ఊపాడు. "నువ్వు నింపినా, ఆ నందీశ్వరుడే దిగొచ్చి నింపినా, కాటా ఎక్కంది నేను నమ్మనప్పా. మా నాయన కాలం నుంచీ ఈ దుకాణంలో అంతే."

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న శ్రీశైలమ్మ చీర కొంగు బిగించి ముందుకు వచ్చింది. "మరి మమ్మల్ని ఎట్ల నమ్మినారు?"

"ఏందే, ఏంది నమ్మేది?"

"తలా యాభై కిలోలని షోరూం ఆయన చెప్తే తలూపి వచ్చినారే! కంది బస్తాకు ఉన్న మర్యాద ఇంట్లో మనుషులకు లేదా? ఎక్కించండి అందరినీ కాటా."

రైతు కిసుక్కున నవ్వాడు. కాటా ఎక్కంది నమ్మనన్న మాట నాగేశ్వర్లు నాలుక మీద నుంచి ఊడిపడి ఇంకా చల్లారలేదు, దాన్ని కాదనడం ఎలా? బస్తాలు మోసే ఇశ్రాయేలు కంది బస్తా దించి, కాటా పలక తుడిచి సిద్ధంగా నిలబడ్డాడు. తూకం ఎంతైతే అంత వీధి చివరిదాకా వినపడేలా కేక వేయడం అతని అలవాటు. అరవకపోతే అది తూకమే కాదు. బజారులో జనం మూగారు.

అప్పుడు తెలిసింది శ్రీశైలమ్మకు, తను ఏం చేసిందో. ఆమె బరువెంతో ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆస్పత్రిలో కూడా కళ్లు మూసుకుని ఎక్కి దిగేది. వెనక్కి తిరిగితే గుమ్మంలో ఉమ, గడప పట్టుకుని చూస్తోంది. ఇంకేం ఆలోచించలేదు. చెప్పులు విడిచి, అందరికంటే ముందు తనే ఎక్కింది.

"లాభం!" అని అరిచాడు ఇశ్రాయేలు. మొదటి తూకాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. బస్తాకైనా మనిషికైనా అతనికి అదే పద్ధతి. "ఎనభై రెండు!"

బజారు బద్దలవలేదు. ఆకాశమూ ఊడిపడలేదు. శ్రీశైలమ్మ ఊపిరి వదిలి, "ఇప్పుడు నువ్వు రా నాయనా" అని కొడుకును పిలిచింది. పుల్లారావు నవ్వుతూ ఎక్కాడు.

"రెండు!" అని ఇశ్రాయేలు కాటా మీద గుండు జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. కళ్లు నులుముకుని చూశాడు. "తొంభై ఆరు!"

ఇక లేచింది చూడండి నవ్వు! ఏళ్ల తరబడి ముందు సీట్లో కాలు మీద కాలేసుకుని, అమ్మ దిగి నడుస్తుంటే చూస్తూ కూర్చున్నవాడి బరువు అది. పుల్లారావు చెవులదాకా ఎర్రబడ్డాడు. నాగేశ్వర్లు యాభై ఎనిమిది. కోడలు అరవై మూడు. కాలేషా డెబ్భై ఒకటి. "పిల్లలిద్దరూ కలిపి ఒకటే తూకం" అని శ్రీశైలమ్మ ఉమనూ తమ్ముణ్ణీ చేతులు కలిపి ఎక్కించింది. ఎవరు ఎంతో ఎవరికీ తెలియలేదు. యాభై ఎనిమిది. ఆఖరుకు మహానంది సామాను: బియ్యం, గుండిగలు, పొయ్యి, సిలిండరు, కూరగాయల గంపలు, అన్నీ కలిపి నూట ముప్పై.

నాగేశ్వర్లు తనే కూడాడు. అయిదొందల యాభై ఎనిమిది. షోరూం కాగితం పక్కన పెట్టుకుని రెండు అంకెలనూ చాలాసేపు చూశాడు.

"ఏమండీ" అంది శ్రీశైలమ్మ. "ముప్పై రెండేళ్లు నడిచినా. నవ్వుతా నడిచినాను గాబట్టి నొప్పి లేదనుకున్నారు. ఉండాది. నేను నడిచింది నడిచినా, నా మనవరాలు మాత్రం ఆ బండి దిగదు."

నాగేశ్వర్లు షోరూం కాగితం నాలుగు మడతలు పెట్టి, పప్పుబెల్లాల పొట్లం కట్టే కాగితాల్లో పడేశాడు. ఆ సాయంత్రమే పదిహేనొందల సీసీ బండికి మాట చెప్పాడు.

కార్తీక సోమవారం తెల్లవారుతూనే బయల్దేరారు. దిగువమెట్ట దాటింది, ఎత్తు మొదలైంది. శ్రీశైలమ్మ చెయ్యి దానంతటదే తలుపు మీదికి పోయింది. "అవ్వా, దిగాల్నా?" అంది ఉమ చిన్నగా.

"వద్దు. కూచో."

కాలేషా గేరు మార్చాడు. ఇంజను గట్టిగా ఒక్క మూలుగు మూలిగి, ఏడుగురినీ గుండిగలతో సహా పైకి లాక్కుపోయింది. మొదటి మలుపు, రెండో మలుపు. ఉమ చప్పట్లు కొట్టింది. ఇంతలో నాగేశ్వర్లు, "ఆపు కాలేషా" అన్నాడు.

"బండి బాగానే ఎక్కుతాంది గదన్నా!"

"బండికేం కాలేదు. నేను దిగాల."

దిగి, పంచె ఎగగట్టి, ముందుకు నడవడం మొదలుపెట్టాడు. ఏదో పని మీద దిగాడేమో అనుకుంది శ్రీశైలమ్మ. కాదు, నడుస్తూనే ఉన్నాడు. వెనకాల బండి మెల్లగా కదిలింది. ఒక మలుపు తిరిగేసరికి ఆయన రొప్పుతూ గట్టు రాయి మీద కూలబడ్డాడు. బండి పక్కనే వచ్చి ఆగింది.

"ఇంత ఎత్తా ఇది?" అన్నాడు. చెమట తుడుచుకుంటూ ఆమె మొహంలోకి చూశాడు. "తప్పయింది శ్రీశైలమ్మా. ఒక్కసారన్నా నీతో దిగి ఉండాల్సింది."

శ్రీశైలమ్మకు కళ్లు చెమర్చాయి, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. అందరికంటే ముందుగా నవ్వాలనే తొందర లేని నవ్వు. ఉమ జరిగి చోటిచ్చింది.

"ఇంకా మూడు మలుపులు ఉండాయి, మీ వల్ల కాదు గానీ ఎక్కండి" అంది శ్రీశైలమ్మ తలుపు తీసి పట్టుకుని. "తూకమేసి కొన్న బండి ఇది. మీ యాభై ఎనిమిది కిలోలు గూడా లెక్కలో ఉండాయి."