నీలిపిడుగు మొదటి కథ, పక్క సీట్లో అత్తగారు

నీళ్ళ పైపులు బాగుచేసే మా లీకుమాస్టారికి ఆ పేరు పైపుల వల్ల వచ్చిందనుకుంటారు కొత్తవాళ్ళు. కాదు, నోటి వల్ల వచ్చింది. ఏ సినిమా అయినా ముందు తను చూసేస్తాడు, పక్కవాడు చూసేలోగా కథ చెప్పేస్తాడు. చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది పాపం. అందులోనూ నీలిపిడుగు సినిమాలంటే పూనకమే. అరచేతుల్లోంచి నీలి మెరుపులు విసిరే ఆ వీరుడి సినిమాలు ఇప్పటికి మూడొచ్చాయి. సింకు కింద వెల్లకిలా పడుకుని నట్టు బిగిస్తూ కూడా వాటిలోని డైలాగులే వల్లిస్తుంటాడు. వంటింట్లో ఎవరో తగువాడుకుంటున్నారని ఇంటివాళ్ళు పరిగెత్తుకొచ్చిన రోజులున్నాయి.

ఇంత పిచ్చి ఉన్న మనిషి హాల్లో ఒంటరిగా కూర్చోవాల్సి రావడమే అతని దిగులు. "మీ పక్కన కూర్చుంటే చూడ్డానికేం మిగలదండీ, అన్నీ వినడమే" అని భార్య ఎప్పుడో దండం పెట్టేసింది. తోటి పనివాళ్ళు అతన్ని చూడగానే చెవులు మూసుకుంటారు. సినిమా అయ్యాక సంతోషం పట్టలేక, ఎవరితో పంచుకోవాలో తెలీక, పార్కింగులో బండ్లు చూసే అతనికి కథంతా చెప్పి ఇంటికొచ్చేవాడు. నాకైతే ఆ పార్కింగతని మీదే జాలి.

ఇంతలో నాలుగోది వచ్చింది. అది నీలిపిడుగు నీలిపిడుగు కాకముందు జరిగిన కథ. పాతవి చూడనివాళ్ళకి కూడా అర్థమవుతుందని పోస్టరు మీదే వేశారు. ఆ మాట అతను భోజనాల దగ్గర పదేపదే చెబుతుంటే, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై ఈమధ్యే కూతురి దగ్గరికొచ్చిన అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది.

"నేనొస్తాను నాయనా. కానీ సినిమా అయ్యేదాకా నోరు తెరవకూడదు. తెరిచావా, మళ్ళీ నీతో హాలు గడప తొక్కను."

"అమ్మా, ఆయన ఊపిరైనా బిగబడతారు గానీ నోరు ఆపలేరే" అంది కూతురు.

"చూస్తూ ఉండు" అన్నాడు లీకుమాస్టారు, ఎక్కడలేని రోషంతో.

హాల్లో దీపాలు ఆరాయి. తెర మీద నీలిపిడుగు ఇంకా సన్నగా, పీలగా ఉన్న కుర్రాడు. పక్కనే ఉంగరాల జుట్టు స్నేహితుడు, తన రొట్టెలో సగం తుంచి ఇస్తున్నాడు. "ఈ పిల్లాడు బంగారం" అని అత్తగారు మురిసిపోయింది. లీకుమాస్టారు చటుక్కున ఆవిడవైపు తిరిగాడు. మిగతా మూడు సినిమాల్లో వీరుణ్ణి ముప్పుతిప్పలు పెట్టిన పరమ దుర్మార్గుడు ఆ బంగారమే! ఎప్పుడు చెడ్డాడో, ఎందుకు చెడ్డాడో మాత్రం ఏ సినిమాలోనూ చెప్పలేదు. మాట గొంతు దాకా వచ్చింది. జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. కుక్కుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, ఇంటర్వెల్ దాకా నెట్టుకొచ్చాడు. ఇంటర్వెల్‌లో కూడా టీ తాగుతూ వాతావరణం గురించే మాట్లాడాడు. తనమీద తనకే గౌరవం కలిగింది.

తర్వాత పాతాళం లాంటి గదిలో వీరుడు ఇరుక్కున్నాడు. పెద్ద గొట్టంలోంచి నీళ్ళు పైపైకి వస్తున్నాయి. బయట స్నేహితుడు వాల్వు చక్రం పట్టుకుని చెమటలు కక్కుతూ తిప్పుతున్నాడు. "ఆగడం లేదురా!" అని ఏడుస్తున్నాడు.

లీకుమాస్టారు లేచి నిలబడ్డాడు. రుమాలు ఎటు ఎగిరిపోయిందో తెలీదు.

"ఎలా ఆగుతుందిరా! ఎడమకి తిప్పితే ఇంకా తెరుచుకుంటుంది! కుడికి తిప్పు, కుడికి!"

హాలు గొల్లుమంది. అతను కూలబడ్డాడు. సినిమా తీసినవాళ్ళకి వాల్వు తిప్పడం కూడా రాదన్న కోపం ఒకవైపు, మాట తప్పానన్న బాధ ఒకవైపు. అత్తగారు ముందుకు వంగి తెరనే చూస్తోంది.

కాసేపటికి అసలు సంగతి బయటపడింది. స్నేహితుడు పొరపాటున తిప్పలేదు. కావాలనే తెరిచాడు. వాడు చెడింది ఆ క్షణంలోనే. మునిగిపోతున్న కుర్రాడి చేతుల్లో మొదటి మెరుపు పుట్టిందీ అప్పుడే. అందరూ అవాక్కయ్యే చోట, ముందు వరసలోంచి ఒకడు వెనక్కి తిరిగి "అన్నా, నువ్వు ముందే చెప్పేశావు కదన్నా!" అని అరిచాడు. మళ్ళీ నవ్వులు. పాపం, ఈసారి అతనికి నిజంగా తెలీదు. పాత మూడు సినిమాల కథంతా కడుపులో దాచుకున్నవాడు వాల్వు దగ్గర దొరికిపోయాడు.

బయటికొచ్చాక అతను తలెత్తలేదు. ఇక ఎప్పటికీ ఒంటరిగానే అనుకుంటే కళ్ళు చెమర్చాయి.

"క్షమించండి అత్తయ్యా. ఇంకెప్పుడూ రమ్మని అడగను."

"నువ్వు అరవకపోతే నేనూ అందరిలాగే వాడి ఏడుపు మొహం చూసి మోసపోయేదాన్ని" అంది ఆవిడ. "నువ్వు అరిచాకే వాడి చేతులవైపు చూశాను. అప్పట్నించి మిగతావాళ్ళు కథ చూస్తుంటే నేను ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నా. ఒళ్ళు జలదరించిందంటే నమ్ము. ఆ బంగారం తర్వాత ఏమవుతాడు?"

జీవితంలో మొదటిసారి ఒకరు అతన్ని కథ అడిగారు. అతను నోరు తెరిచాడు, ఆవిడ మొహంలో ఆత్రం చూశాడు, మూసేశాడు.

"చెప్పను అత్తయ్యా. మిగతా మూడూ మీరే చూడాలి."

"సరే, రేపే మొదలెడదాం. కథ మాత్రం చెప్పకు. ఎక్కడైనా పైపు కనపడితే ఊరుకోకు."